మేం పెట్టిన రొట్టె

మంచం కింద

వార్డులోకి అడుగుపెట్టగానే నేను మొదట చూసేది రోగి మొహం కాదు, మంచం కింద. ముంతలూ, మూటలూ, గుడ్డ కట్టిన గిన్నెలూ అక్కడే ఉండేవి. కామెర్ల మనిషికి వేపుడు, కడుపు కోసిన మనిషికి ఎండుచేపల పులుసు, ఒళ్లంతా నీరు పట్టిన మనిషికి ఊరగాయ. చుట్టాల ప్రేమంతా మంచం కిందే దాక్కునేది. నేను వంగి ఒక్కొక్కటే బయటికి లాగేదాన్ని. ఆయాలు నా వెనక నన్ను కానిస్టేబులమ్మ అనేవారని నాకు తెలుసు. తెలిసినట్టు కనబడేదాన్ని కాదు, అంతే.

నాది శృంగవరపుకోట. నర్సుగా ముప్పై ఏళ్లకు పైగా చేశాను. రిటైరై చాలా కాలమైంది. నర్సింగులో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, అనుభవాలు రాయండి మేడమ్ అంటారు. నాకు ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయింది, ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ మీకు పనికిరావు. నేను చేసిన తప్పులు పనికొస్తాయి. వాటిలో ఒకదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకే కోపం వస్తుంది. అదే రాస్తాను.

ముందే ఒక మాట. నాకు అనుమానం ఎక్కువ. పాలవాడి మీద, మందుల గది తాళం మీద, రోగి "తిన్నానమ్మా" అన్న మాట మీద, అన్నిటి మీదా అనుమానమే. దాని వల్ల కొందరు బతికారు కూడా. అందుకని మానుకోమని మీకు చెప్పను. ఎటు చూడాలో తెలియని అనుమానం ఏం చేస్తుందో మాత్రం చెబుతాను.

అన్నం మానెయ్యి, రొట్టె తిను

అవి అరవైల చివరి సంవత్సరాలు. వానలు మొహం చాటేసి బియ్యం దొరకని రోజులు. రేషను డిపోలో కొంత బియ్యం ఇచ్చి, మిగతాదానికి గోధుమలు పోసేవారు. శ్రీకాకుళం పల్లెల్లో వాటిని ఏం చేసుకోవాలో చాలామందికి తెలియదు. కొందరు బియ్యంలాగే ఎసట్లో పోసి ఉడికించి, నమల్లేక ఆవులకు పెట్టారు. గోధుమ గురించి మావాళ్లకు తెలిసింది ఒకటే, అది జబ్బు మనిషి తిండి.

ఆ జిల్లాలోనే నేను పనిచేసిన చిన్న ఆస్పత్రిలోనూ అదే పద్ధతి. ఏ జబ్బుతో వచ్చినా మొదటి ఆజ్ఞ అన్నం మానెయ్యమని. పొద్దున్నే బస్సు మీద రొట్టెల బుట్ట దిగేది. రొట్టె పాలల్లో నానబెట్టి పెట్టాలి, దాహమంటే బార్లీ నీళ్లు పట్టాలి. కడుపు బాగాలేని పిల్లలకైతే ఇంక రెండోమాట లేదు. ఈ పథ్యం ఎవరు మొదలుపెట్టారో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇంటి నుంచి వచ్చిన ప్రతి గిన్నె మూతా తీసి వాసన చూసిన నేను, ఆ బుట్టని మాత్రం దణ్ణం పెట్టి లోపలికి తీసుకున్నాను.

అప్పుడు మాకు ఉన్న పెద్ద డాక్టరు గారి గురించి కూడా చెప్పాలి. మంచి చెయ్యి. పేదవాళ్ల దగ్గర ఏమీ ఆశించేవారు కాదు. కానీ తల్లుల్ని మాట పూర్తి చెయ్యనిచ్చేవారు కాదు. రోగం తగ్గితే మందు గొప్పదనం, తగ్గకపోతే తల్లి చేసిన నిర్వాకం. ఆయన లెక్క అది. నాకూ ఆ లెక్క బాగా నచ్చింది, నా అనుమానాలకి సరిగ్గా అతికింది గనక.

పైడి

కోటబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఎర్రమ్మ అనే ఆవిడ కూతుర్ని ఎత్తుకొచ్చింది. మొగుడు వేటకెళ్తాడు, ఈవిడ గంపలో చేపలు అమ్ముతుంది. పిల్ల పేరు పైడితల్లి, పైడి అని పిలిచేది. మూడేళ్లు నిండినా ఏడాదిన్నర పిల్లలా ఉంది. పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలైపోయాయి. రోజుకి ఏడెనిమిదిసార్లు విరేచనాలు, పాలిపోయినట్టు, జిడ్డుగా, ముక్కు మూసుకోవలసిన వాసనతో. ఆ పిల్ల నవ్వదు, ఆడదు. ఎవరైనా దగ్గరికొస్తే మొహం గోడవైపు తిప్పుకుని సన్నగా ఏడుస్తుంది.

నులిపురుగులకి మందిచ్చారు. అమీబాకి ఇచ్చారు. విటమిన్ సూదులు వేశాం. రొట్టె, పాలు, బార్లీ నీళ్లు వేళ తప్పకుండా నేనే దగ్గరుండి పెట్టించాను. పిల్ల ఇంకా జారిపోయింది.

మధ్యలో తుపాను వచ్చి రోడ్లు తెగి, ఐదు రోజులు రొట్టెల బుట్ట రాలేదు. బార్లీ డబ్బాలు కూడా నిండుకున్నాయి. వంటావిడ సగ్గుబియ్యం జావ కాసి నెట్టుకొచ్చింది. ఆ ఐదు రోజుల్లో పైడికి విరేచనాలు సగానికి తగ్గాయి. డాక్టరు గారు ఆ వారమే కొత్త మాత్రలు మొదలుపెట్టి ఉన్నారు. "చూశావా సిస్టర్, మందు పట్టింది" అన్నారు. నేను తలూపాను. బస్సులు తిరిగాయి, రొట్టె వచ్చింది, పిల్ల మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి డాక్టరు గారు నా వైపు చూసి, "తల్లి ఏదో పెడుతోంది, కనిపెట్టు" అన్నారు.

ఆ మాట చెబితే చాలు నాకు.

ముంత

రెండు రోజులు కాపు కాశాను. మూడో రోజు మధ్యాహ్నం, నేను భోజనానికి వెళ్లినట్టే వెళ్లి వెనక్కి వచ్చాను. ఎర్రమ్మ గోడవైపు తిరిగి కూర్చుని ముంతలోంచి పిల్లకి ఏదో తాగిస్తోంది. పిల్ల రెండు చేతులతో ముంత పట్టుకుని గటగటా తాగుతోంది. ఆ పిల్ల ఏదైనా అలా తాగడం నేను చూడడం అదే మొదలు. అదైనా నాకు ఆలోచన పుట్టించాలా వద్దా? పుట్టించలేదు.

"ఏటే అది? ఇలాగియ్యి!"

"సోడంబలి సిస్టరమ్మా. ఇంకేటీ నేదు. మా అమ్మ పంపినాది."

చోళ్లు అంటే రాగులు. ఆ పిండితో కాసి పులియబెట్టిన అంబలి. విరేచనాల పిల్లకి పుల్లటి అంబలి! నాకు ఒళ్లు మండిపోయింది.

"పిల్లని చంపుకుంటావా? రొట్టె ఎందుకు తినిపించవు?"

ఎర్రమ్మ తలొంచుకోలేదు. నా కళ్లల్లోకి చూసింది. "మీ రొట్టి తిన్న కాడి నుంచే ఎక్కువైపోనాది. తుపానప్పుడు రొట్టి నేదు, గుంట నిమ్మళంగా ఉన్నాది. మీరు సూడనేదేటి? మీరు సదువుకున్నోళ్లు కదా!"

నాకు ఈ మాట ఎలా వినబడిందో చెబుతాను. తప్పు చేసి దొరికిపోయిన మనిషి నేరం మన మీదికి నెట్టినట్టు వినబడింది. ముంత లాక్కుని, ఆవిడ చూస్తుండగానే అంబలి తొట్టిలో పారబోశాను. పైడి ఆ ముంత కోసం చెయ్యి చాచి ఏడ్చింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్న మంచం ఖాళీ. ఎర్రమ్మ చెప్పకుండా పిల్లని ఎత్తుకుపోయింది. రిజిస్టరులో నా చేత్తో రాశాను: పథ్యం పాటించని తల్లి, పారిపోయినది. రాసి, ఆ పిల్ల ఇంక దక్కదు అనుకున్నాను. బాధపడ్డాను కూడా. కానీ నా తప్పు ఉందేమో అని ఒక్క క్షణమైనా అనుకోలేదు.

జెల్ల ముల్లు

నాలుగు నెలల తర్వాత ఎర్రమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి తన కోసం. చేపలు ఏరుతుంటే జెల్ల చేప ముల్లు అరచేతిలో దిగి, విషమెక్కి, చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, పలవరిస్తోంది. మొగుడు వేటలో ఉన్నాడు. ఊరివాళ్లెవరో రైల్లో తీసుకొచ్చి, పిల్లని కూడా మంచం మీద కూర్చోబెట్టి వెళ్లిపోయారు. మాది చిన్న ఆస్పత్రి, ఆడవాళ్లూ పిల్లలూ ఒకటే వార్డు.

ఆ పిల్లని చూసి నేను నమ్మలేదు. బుగ్గలు నిండి ఉన్నాయి. పొట్ట లోపలికి పోయింది. కాళ్లు ఊపుకుంటూ కూర్చుని, నా టోపీ వైపు చూసి నవ్వింది. నా బుద్ధి ఎక్కడికి పోయిందో తెలుసా? ఇది ఆ పిల్ల కాదు, చెల్లెలో అక్కో అయి ఉంటుంది అనుకున్నాను. చెవి వెనక పుట్టుమచ్చ ఉండేదని గుర్తొచ్చి, జుట్టు పక్కకి తీసి చూశాను. ఉంది.

నాలో ఏదో కరిగింది. తల్లికి స్పృహ లేదు, చెయ్యి కోసి కట్టు కట్టారు, పిల్లకి పెట్టే దిక్కు లేదు. నేను పెట్టాను. పొద్దున్నా సాయంత్రం నా ఒళ్లో కూర్చోబెట్టుకుని, మెత్తటి రొట్టె పాలల్లో నానబెట్టి, నా వేళ్లతో తినిపించాను. నా సొంత బన్నులు కూడా పెట్టాను. మొదటి రెండు రోజులు తింది. మూడో రోజు మొహం తిప్పుకుంది. నేను బుజ్జగించి, కథలు చెప్పి, బలవంతంగా పెట్టాను.

ఐదో రోజుకి వాంతులు, విరేచనాలు. ఆరో రోజుకి పిల్ల మెడ నిలబెట్టలేకపోయింది. కళ్లు లోపలికి పోయాయి. సెలైను ఎక్కిద్దామంటే నరం దొరకలేదు, డాక్టరు గారు కాలి దగ్గర కోసి ఎక్కించారు. "ఈ పూట గడవాలి" అన్నారు.

నేను వెంటనే చేసిన పని, మంచం కింద వంగి చూడడం. ముంత లేదు, మూట లేదు, గిన్నె లేదు. చాప ఎత్తి చూశాను. పక్క మంచాల వాళ్లని నిలదీశాను. కుండలో నీళ్లు వాసన చూశాను. ఆ పిల్లకి ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆరు రోజులుగా ఆ పిల్ల నోట్లోకి వెళ్లిన ప్రతి ముద్దా నా చేతిలోంచే వెళ్లింది.

నేలమీదే కూర్చుండిపోయాను. తుపాను రోజులు గుర్తొచ్చాయి. తొట్టిలో పారబోసిన అంబలి గుర్తొచ్చింది. భయమేసింది.

ఎప్పటి నుంచి

ఆ రోజు నుంచి రొట్టె, బార్లీ నీళ్లు నేనే ఆపేశాను, ఎవరినీ అడక్కుండా. సెలైనుతో పాటు చెంచాలతో సగ్గుబియ్యం నీళ్లు. తేరుకున్నాక బియ్యం గంజి. ఎర్రమ్మకి జ్వరం దిగి తెలివొచ్చాక, ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. మూడు వారాల మొదటి అడ్మిషన్లో అడగని ప్రశ్న అప్పుడు అడిగాను.

"ఎర్రమ్మా, పిల్లకి మొట్టమొదట ఎప్పుడు చెడిందే?"

ఆవిడ ఆలోచించింది. "రేసను గోదుమలు ఇచ్చినప్పుడే సిస్టరమ్మా. మాకు సయించనేదు. గుంటకి బలమని ఇసిరి జావ కాసి పోసీదాన్ని. ముందల బాగానే ఉన్నాది. నెలా రెన్నెల్లకి పొట్ట వచ్చేసినాది."

"ఇక్కణ్నించి వెళ్లాక ఏం పెట్టావు?"

"ఏటుంటాది మాకు? అన్నం, సోడంబలి, సేప. గోదుమ ఒగ్గేసినాను. మీ రొట్టి మాటెత్తితే దానికి ఏడుపొచ్చీది." నా వైపు అనుమానంగా చూసింది. "మళ్లీ పెట్టినారేటి?"

అబద్ధం ఆడాలనిపించింది. స్పృహ లేకుండా పడున్న మనిషికి ఎలా తెలుస్తుంది? కానీ చెప్పాను. "పెట్టాను. నా చేత్తోనే పెట్టాను."

ఎర్రమ్మ తిట్టలేదు. కట్టు లేని చేత్తో పిల్లని తన వైపు లాక్కుంది, నాకు అందనంత దూరంగా. తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

ప్రశ్నార్థకం

పిల్ల పది రోజుల్లో కోలుకుంది. ఆ పది రోజులూ ఏ పూట ఏం తిందో, ఎన్నిసార్లు వెళ్లిందో ఒక కాగితం మీద రాశాను. పాత కేసు షీటు తీసి, అందులో తుపాను రోజులకి గుర్తు పెట్టి, రెండూ డాక్టరు గారి బల్ల మీద పరిచాను. ఆయన మొదట నవ్వారు. గోధుమ పడని మనిషి ఉంటాడా సిస్టర్ అన్నారు. తర్వాత కాగితం రెండోసారి చదివారు. అలమరలోంచి లావుపాటి పుస్తకం ఒకటి తీసి, చాలాసేపు పేజీలు తిప్పి, ఒకచోట ఆగిపోయారు.

గోధుమలో, బార్లీలో ఉండే జిగురు మాంసకృత్తు కొందరి పేగుకి పడదని అందులో ఉంది. అది తిన్నంతకాలం పేగు లోపలి పొర అరిగిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు, మానేస్తే పొర మళ్లీ పెరుగుతుంది. చల్లటి దేశాల జబ్బు అనుకున్నాను, ఇక్కడ చూస్తాననుకోలేదు, అన్నారాయన. గోధుమే తినని చోట అది ఎలా బయటపడుతుంది? మేం పెట్టి బయట పెట్టాం.

కానీ ఆయన అక్కడ ఆగలేదు. నాతో ఎర్రమ్మ మంచం దగ్గరికి వచ్చారు. "రుజువు కావాలి. నాలుగు రోజులు రొట్టె పెట్టి చూద్దాం. మళ్లీ చెడితే ఖాయం" అన్నారు. అప్పట్లో పద్ధతి అదే. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు.

ఎర్రమ్మ మంచం మీంచి లేచి నిలబడింది. "రెండుపాల్లు సూసినారు. మూడోపాలి సచ్చిపోతే ఏటి రాస్తారు బాబూ? ఎర్రమ్మ మొండిదని రాస్తారా?"

ఆయన నా వైపు తిరిగారు, నేను సర్దిచెబుతానని. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆయన మాటకి నేను ఎదురు చెప్పింది లేదు. "నేను పెట్టను సార్. ఈ పిల్లకి నా చేత్తో రొట్టె పెట్టను. ఇంకెవరినీ పెట్టనివ్వను" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. బయటికి వెళ్లిపోయారు. సాయంత్రం వచ్చి, కేసు షీటు మీద రాశారు: గోధుమ, బార్లీ ఎప్పటికీ వద్దు. దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకానికి ఆయన మీద గౌరవం పెరిగింది నాకు. తెలియనిది తెలియదని రాసిన డాక్టరును అంతకుముందు నేను చూడలేదు.

మర

మానెయ్యడం అంటే నోటితో చెప్పినంత తేలిక కాదు. ఏడాది తర్వాత ఎర్రమ్మ పైడిని తీసుకొచ్చింది, మళ్లీ కొంచెం పొట్ట, కొంచెం విరేచనాలు. నా అనుమానం వెంటనే బడి మీదికి పోయింది, అక్కడ గోధుమరవ్వ ఉప్మా పెడతారు గనక. పైడి బడికే వెళ్లడం లేదు. పక్కింటివాళ్లు బిస్కెట్లు ఇచ్చారా? లేదు. చారులో వేసే ఇంగువలో గోధుమపిండి కలుపుతారని అప్పటికి తెలుసుకున్నాను, అదా? వాళ్లింట్లో ఇంగువే లేదు.

"చోళ్లు ఎక్కడ విసురుతున్నావే?"

"ఇసరడం ఒగ్గేసినాను సిస్టరమ్మా. సెయ్యి లాగేస్తన్నాది. కోటబొమ్మాళిలో మర పెట్టినారు, బేగి అయిపోతాది."

ఊరందరి రేషను గోధుమలూ ఆ మరలోనే ఆడతాయి. ముందువాళ్ల పిండి తర్వాతవాళ్ల పిండిలో పడుతుంది. ఎర్రమ్మ చెయ్యి ఇంకా నొప్పే, అయినా మళ్లీ తిరగలి ముందు కూర్చుంది. నెల తిరక్కుండా పైడి బాగుపడింది.

అందుకని ఈ జబ్బున్న ఇంటివాళ్లకి నేను చెప్పేది ఇది. బన్ను, బిస్కెట్, పూరీ, సేమ్యా, బొంబాయి రవ్వ అందరికీ తెలుస్తాయి. తెలియనివి మర, ఇంగువ పొడి, పాలల్లో కలిపే బార్లీ మాల్టు పొడి, చపాతీ కాల్చిన పెనం. మనకి బియ్యం ఉంది, చోళ్లున్నాయి, జొన్నలున్నాయి, మినపట్టు ఉంది. ఈ జబ్బుతో బతకడానికి మన ఊరంత మంచి చోటు లేదు. మరో సంగతి. ఈ రోజుల్లో కడుపు ఉబ్బరించిన ప్రతివాళ్లూ సొంతంగా గోధుమ మానేస్తున్నారు. వాళ్ల మీద కూడా నాకు అనుమానమే. ఇప్పుడు రక్తపరీక్షలున్నాయి. గోధుమ తింటూ ఉండగానే పరీక్ష చేయించుకోవాలి, మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టు వస్తుంది. ముందు డాక్టరుని అడగండి, తర్వాత మానండి.

నన్నే

ఆ తర్వాత ఎర్రమ్మ చేపలు అమ్మడానికి పట్నం వచ్చినప్పుడల్లా పైడిని బరువు చూపించడానికి తీసుకొచ్చేది. పిల్లకి ఏడేళ్లప్పుడు ఒకరోజు నేను భోజనానికి కూర్చున్న వేళకి వచ్చారు. క్యారియర్లో పులిహోర ఉంది. ఆకులో కొంచెం పెట్టి పైడి ముందుకి జరిపాను.

పిల్ల తినలేదు. ముందు వంగి నా బల్ల కింద చూసింది. తర్వాత క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే మూత తీసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అప్పుడు నా మొహంలోకి సూటిగా చూసి అడిగింది, "ఇందల గోదుమున్నాదేటి? ఇంగువేసినారేటి?"

ఎర్రమ్మ సిగ్గుపడి పిల్ల భుజం మీద చిన్న దెబ్బ వేసింది. "తప్పు గుంటా. సిస్టరమ్మ పెడితే అలగ అడుగుతారేటి?"

నిజానికి అందులో ఇంగువ వేశాను. అలవాటు చొప్పున వేసి, మర్చిపోయాను. ఆకు వెనక్కి లాక్కున్నాను.

"అడగనియ్యవే ఎర్రమ్మా" అన్నాను. "అందరికన్నా ముందు నన్నే అడగాలి."